నడివయసు స్త్రీలలో ఉదర స్థౌల్యము – మన మెట్టధాన్యములే పథ్యము

పెళ్ళినాడు కట్టిన ధర్మవరం పట్టుచీరను పాతికేళ్ళ తరువాత ఇంటి శుభకార్యమునకు మరల తీసి కట్టుకొన్న గృహిణికి ఒక సంగతి బోధపడును. చీర అదే, పొడవు అదే ఐదున్నర మీటర్లు. కాని ఆనాడు ఏడు వచ్చిన కుచ్చిళ్ళు ఈనాడు ఐదే వచ్చుచున్నవి. చీర నడుమును ఇంచుమించు రెండు చుట్లు చుట్టుకొనును. కనుక నడుము పది సెంటీమీటర్లు పెరిగినచో ఇరవై సెంటీమీటర్ల బట్ట చుట్టుకే చెల్లిపోవును. అనగా దాదాపు ఒక కుచ్చి తగ్గినట్లే.

పురుషునకు బెల్టు రంధ్రము హెచ్చరిక చేయును. స్త్రీ కట్టులో అట్టి హెచ్చరిక లేదు. లంగా బొందు కొంచెము వదులు చేసుకొన్నచో సరిపోవును. అందుచేత నలభై దాటిన గృహిణి పొట్ట ఏడాదికి రెండు సెంటీమీటర్ల చొప్పున పెరుగుచున్నను గమనింపబడదు. గమనించునాటికి మోకాళ్ళ నొప్పియో, ఆయాసమో, రక్తములో చక్కెరయో తోడై ఉండును. అప్పుడు కలుగు కంగారులో పత్రికా ప్రకటనలలోని పొడులకు, బెల్టులకు డబ్బు పోయుట, లేదా అన్నము మాని నీరసించుట జరుగుచున్నది. ఈ రెండును అవసరము లేదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సీమలో పండు మెట్టధాన్యములతోనే ఈ వ్యాధికి చరకాచార్యులు పథ్యము చెప్పి ఉన్నారు.

ఎంత ఉన్నచో ఎక్కువ?

ముందుగా కొలత తెలుసుకొనవలెను. దర్జీ వాడు టేపు చాలును. ఉదయము కాలకృత్యములు తీర్చుకొన్న పిమ్మట నిటారుగా నిలబడి, చివరి ప్రక్కటెముకకు, తుంటి ఎముక పైభాగమునకు మధ్య టేపు చుట్టవలెను. పొట్ట లోనికి పీల్చరాదు. మామూలుగా ఊపిరి విడిచిన క్షణమున కొలత చూడవలెను. భారతీయ స్త్రీలకు 80 సెంటీమీటర్లు, అనగా ముప్పది ఒకటిన్నర అంగుళములు మించినచో ఉదర స్థౌల్యముగా లెక్కింతురు. పురుషులకు ఈ హద్దు 90 సెంటీమీటర్లు. మొత్తము బరువు ఎక్కువ లేకున్నను, చేతులు, కాళ్ళు సన్నగానే ఉన్నను, నడుము ఈ హద్దు దాటినచో జాగ్రత్త వహింపవలెను. మన దేశీయులలో ఇట్టి దేహము సామాన్యము.

ఈ కొలతను నెలకొకసారి, ఒకే తేదీన, క్యాలెండరుపై వ్రాసి ఉంచవలెను. దినదినము తూకము చూచుట వలన మనసుకు చికాకే గాని ప్రయోజనము లేదు.

నడివయసులోనే ఎందుకు?

స్త్రీకి ఋతుక్రమము పన్నెండవ ఏట మొదలై, ఏబదవ ఏట నిలిచిపోవునని సుశ్రుతుడు చెప్పినాడు. నేడు మన దేశములో సగటున నలభై ఆరు, నలభై ఏడేండ్లకే అది నిలిచిపోవుచున్నది. ఇందుకు ముందు, వెనుక నాలుగైదు సంవత్సరములు శరీరములో పెద్ద మార్పు జరుగును. ఈస్ట్రోజెన్ అను స్త్రీ హార్మోను ఉన్నంతకాలము కొవ్వు పిరుదులలో, తొడలలో చేరును. అది తగ్గిన పిమ్మట కొవ్వు పొట్టలోనికి మళ్ళును. అదే కాలములో కండరములు కొంత కరుగును. కండ తగ్గినచో శరీరమునకు ఖర్చు తగ్గును. మునుపటి వలెనే తినుచున్నను మిగులు పెరుగును. "నేను ఎక్కువేమీ తినుట లేదు, అయినను లావగుచున్నాను" అని స్త్రీలు చెప్పునది అబద్ధము కాదు. ఇంటివారు దానిని నమ్మవలెను.

పొట్టలోని కొవ్వు రెండు విధములు. చర్మము క్రింద చేతికి పట్టుబడునది ఒకటి. ప్రేగుల చుట్టు, కాలేయము చుట్టు లోపల పేరుకొనునది రెండవది. రెండవదే మధుమేహమునకు, గుండెజబ్బుకు మూలము. మేదస్సు ప్రాణులన్నింటికి ఉదరమున ఉండునని సుశ్రుతుడు, మేదోవహ స్రోతస్సులకు మూలము వృక్కములు, వపావహనము అని చరకుడు చెప్పినారు. వపావహనము అనగా ప్రేగులను కప్పి ఉండు కొవ్వు పొర. నేటి వైద్యులు ప్రమాదకరమని చూపుచున్న స్థానములలో అదియు ఒకటి.

ఈ కొవ్వు ఎందుకు మొండిగా ఉండునో కూడ చరకుడు వివరించినాడు. మేదస్సు మార్గములను అడ్డగించుటచే వాయువు కోష్ఠములోనే తిరుగుచు జఠరాగ్నిని రగిల్చును. ఆహారము త్వరగా జీర్ణమై మరల ఆకలి వేయును. మరల తిన్నది మరల మేదస్సే అగును. పది గంటలకు టిఫిను తిని పన్నెండు గంటలకే తీపి కొరకు చేయి చాచువారికి ఈ మాట అనుభవములోనిదే. ఇన్సులిన్ సరిగా పని చేయకపోవుటచే ఇట్టి ఆకలి కలుగుటకు అవకాశమున్నదని నేటి శాస్త్రము చెప్పుచున్నది.

మూడు ఊళ్ళు, మూడు ఇండ్లు

చరక సంహిత సూత్రస్థానము ఇరువది యొకటవ అధ్యాయములో స్థౌల్యమునకు కారణములు చెప్పబడినవి. అతిగా భుజించుట, గురు, మధుర, స్నిగ్ధ పదార్థములు, వ్యాయామము లేకపోవుట, పగటినిద్ర, చింతలేమి, బీజస్వభావము అనునవి వానిలో ముఖ్యములు. బీజస్వభావము అనగా తల్లిదండ్రుల నుండి వచ్చునది. అది మన చేతిలో లేదు. తక్కినవి మన ఇండ్లలో ఏ రూపమున ఉన్నవో చూతము.

ధర్మవరంలో మగ్గమున్న ఇల్లు. గృహిణి వంట ముగించి రాట్నము ముందు కూర్చుండి కండెలు చుట్టును, లేదా మగ్గములో సాయపడును. చేతులు నిలువక ఆడుచుండును గాని నడుము గంటల తరబడి కదలదు. "రోజంతా పనే కదా, ఇక వ్యాయామమెందుకు?" అని ఆమెకు తోచును. కాని ఒకే చోట కూర్చుండి చేయు పని దేహమును అలయించునే గాని కొవ్వును ఖర్చు చేయదు. సాయంకాలము అలసట తీరుటకు ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు వచ్చును.

హిందూపురంలో బెల్లము, చింతపండు వ్యాపారము చేయు ఇల్లు. దుకాణము మూసి యజమాని రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చును. అందరికీ వడ్డించి గృహిణి పదిన్నరకు తిని, పదకొండుకు పడుకొనును. గిన్నెలో మిగిలిన పిడికెడు అన్నము పారవేయలేక తానే తినును. పగలు నాలుగు మారులు టీ త్రాగును. టీకి రెండు చెంచాల చక్కెర చొప్పున రోజుకు నలభై గ్రాములు, నెలకు ఒక కిలో రెండు వందల గ్రాములు అగును. ఈ లెక్క చెప్పినచో ఆమెయే ఆశ్చర్యపడును. చక్కెర బదులు బెల్లము వేసినను లెక్క మారదు.

పెనుకొండలో ఉద్యోగి ఇల్లు. పిల్లలు చదువుకు, కొలువుకు బెంగుళూరు చేరినారు. మిక్సీ, గ్యాసు, బట్టలుతుకు యంత్రము ఉన్నవి. మధ్యాహ్న భోజనమైన వెంటనే రెండు గంటల నిద్ర, తరువాత టీవీ. ఒంటరితనము తోచకుండుటకు చేతిలో వేరుశనగపప్పు. పిడికెడు పప్పు, అనగా ముప్పది గ్రాములు, నూట అరవై క్యాలరీలు. పప్పు మంచిదే, కాని ఒక పిడికెడు నాలుగు పిడికెళ్ళగుట మంచిది కాదు.

ఈ మూడు ఇండ్లలో దేనిలోను తిండిపోతుతనము లేదు. కూర్చుండు పని, ఆలస్య భోజనము, పగటినిద్ర, గమనింపకుండ నోటికి చేరు చిరుతిండి, ఇవియే కారణములు. కావున తిట్టుకొనుట వలన లాభము లేదు. దినచర్య సవరించుకొనవలెను.

మెట్టధాన్యములు – చరకుని పథ్యము

స్థూలునకు చికిత్స కష్టమని, కృశించినవానికే సుళువని చరకుని అభిప్రాయము. ఏలయన స్థూలునకు ఆకలి ఎక్కువ. ఆకలితో మాడ్చినచో వాతము ప్రకోపించును. తృప్తిగా పెట్టినచో కొవ్వు పెరుగును. అందుచేత ఆయన ఒక ఉపాయము చెప్పినాడు. కడుపున బరువుగా నిలిచి తృప్తినిచ్చునదియు, దేహమునకు పుష్టి తక్కువగా ఇచ్చునదియు అగు ఆహారమును ఇవ్వవలెను. గురుత్వము, అపతర్పణము రెండును ఒకే కంచములో ఉండవలెనన్నమాట.

అట్టి ఆహారముల పట్టికలో ఆయన చెప్పిన కొన్ని ఇవి: ప్రియంగువు అనగా కొర్ర, శ్యామాకము అనగా చామ, ఊద జాతి ధాన్యము, కోద్రవము అనగా ఆరికె, యవలు, పెసలు, కులత్థములు అనగా ఉలవలు, ఆఢకి అనగా కంది, వీటితో పొట్ల జాతి కాయ, ఉసిరిక. మన తాతల నాటి ఇండ్లలో గాదెలు ఏ ధాన్యములతో నిండెనో ఆ పట్టికయే ఇది. వర్షము తక్కువైన ఈ సీమ ఏ పంటలకు అనువో, స్థౌల్యమునకు ఆ పంటలే పథ్యమైనవి.

మరి ఇవి మన కంచము నుండి ఎట్లు పోయినవి? మెట్టచేలలో వేరుశనగ పెరిగి చిరుధాన్యముల చోటు ఆక్రమించినది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము పథకము వచ్చినది. అది ఎన్నో పేద కడుపులను నింపినది, దానిని నిందింపరాదు. కాని పండుగనాటి వరియన్నము క్రమముగా మూడు పూటలది అయినది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యముల సంవత్సరముగా జరిపిన పిమ్మట పట్టణములలో కొర్రలు మరల కనబడుచున్నవి.

ఇక్కడ ఒక పొరపాటు జరుగుచున్నది. "రాగిముద్ద లావు తగ్గించును" అని విని రెండు పెద్ద ముద్దలు తినువారున్నారు. నూరు గ్రాముల బియ్యములో సుమారు 350 క్యాలరీలు ఉండగా, నూరు గ్రాముల రాగులలో సుమారు 320 ఉన్నవి. భేదము స్వల్పము. రాగుల గొప్పతనము వానిలోని పీచులో, సున్నములో ఉన్నది. రాగులలో సున్నము వందకు 340 మిల్లీగ్రాములకు పైగా ఉండును. ముట్లుడిగిన పిమ్మట ఎముకలు బలహీనపడు స్త్రీకి ఇది ఎంతయు మేలు. పీచు వలన ఒక చిన్న ముద్దకే తృప్తి కలుగును. ఆ తృప్తి దగ్గర ఆగినవారికే ఫలితము. ముద్దలో సగము బియ్యము కలిపి, పైన నెయ్యి పోసి, ఊరిబిండి దండిగా అద్దుకొన్నచో పథ్యము పథ్యముగా మిగలదు.

గృహవైద్యము

1. ఉలవకట్టు: రెండు పిడికెళ్ళ ఉలవలు రాత్రి నానబెట్టి, ఉదయము మూడింతల నీటిలో మెత్తగా ఉడికించవలెను. కట్టు వంచి, కొద్దిపాటి చింతపండు, మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి చేర్చి, ఒక చెంచా నూనెతో తిరుగమోత పెట్టవలెను. ఉడికిన ఉలవలను గుగ్గిళ్ళుగా సాయంకాలము బజ్జీల బదులు తినవలెను. ఉలవలు ఉష్ణవీర్యము కలవి. ఛాతీలో మంట, ఒంటిలో వేడి ఆవిర్లు, ఋతుస్రావము అధికముగా అగుచున్నవారు ఉలవలకు బదులు పెసలు వాడవలెను.

2. మజ్జిగ: ఒక వంతు పెరుగునకు మూడు వంతులు నీరు పోసి చిలికి వెన్న తీయవలెను. పావు చెంచా శొంఠిపొడి, వేయించిన జీలకర్ర, కరివేపాకు, చిటికెడు ఉప్పు చేర్చి మధ్యాహ్న భోజనాంతమున త్రాగవలెను. రెండవసారి అన్నములో గడ్డపెరుగు వేసుకొను అలవాటును ఇది మాన్పును.

3. త్రిఫల: అర చెంచా త్రిఫల చూర్ణమును ఒక గ్లాసు నీటిలో సగమగునంత వరకు మరిగించి, వడగట్టి, రాత్రి పడుకొనుటకు గంట ముందు త్రాగవలెను. వారమైన పిమ్మట ఒక చెంచాకు పెంచవచ్చును. విరేచనములు పలుచనైనచో తగ్గించవలెను. థైరాయిడు మాత్రను ఉదయము పరగడుపున వేసుకొనువారు ఆ వేళ కషాయములేవియు తీసుకొనరాదు. మధుమేహమునకు, రక్తము పలుచనగుటకు మందులు వాడువారు వైద్యునకు చెప్పియే మొదలుపెట్టవలెను.

4. నలుగు: ఉలవపిండి, పెసరపిండి సమభాగములుగా కలిపి, స్నానమునకు ముందు పొట్టపై, నడుముపై పొడిగా పదినిమిషములు రుద్దవలెను. ఉద్వర్తనము కఫమును హరించి మేదస్సును విలీనము చేయునని వాగ్భటుడు చెప్పినాడు. నలుగు ఒక్కదానితోనే లోపలి కొవ్వు కరుగునని ఆశింపరాదు. చర్మము, మనసు తేలికపడుట మాత్రము ఖాయము.

తేనె విషయమున ఒక మాట. వేడినీటిలో తేనె, నిమ్మరసము కలిపి త్రాగుట ఇంటింటా వ్యాపించినది. స్థౌల్యమునకు తేనె మంచిదని చెప్పిన చరకుడే తేనెను వేడితో చేర్చరాదని కూడ చెప్పినాడు. వాడదలచినచో చల్లారిన నీటిలో అరచెంచా చాలును. మధుమేహులకు అదియు వద్దు.

వ్యాయామము, నిద్ర

వారములో 150 నిమిషముల చురుకైన నడక అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అనగా వారమునకు ఐదు రోజులు, రోజుకు అరగంట. మాటాడగలిగి, పాట పాడలేనంత వేగము ఉండవలెను. పెనుకొండ వారికి కొండ ప్రక్కనే ఉన్నది. మోకాళ్ళు బాగున్నవారు కొంత మేర ఎక్కి దిగవచ్చును. మగ్గము, రాట్నము ముందు కూర్చుండువారు అరగంటకొకసారి లేచి, రెండు నిమిషములు ఇంట్లో నడచి రావలెను.

నడకతో పాటు కండ పెంచు పని కావలెను. చేతులు ఊతగా పెట్టకుండ కుర్చీ నుండి పదిసార్లు లేచి కూర్చుండుట, గోడను నెట్టుచు చేతులు వంచి చాచుట, రెండు లీటర్ల నీటి సీసాలను భుజముల వరకు ఎత్తుట – ఇవి రోజు విడచి రోజు చేసినచో చాలును. దేహబలములో సగము మేరకే వ్యాయామము చేయవలెనన్నది ఆయుర్వేద నియమము. నుదుట చెమట పట్టి, నోటితో ఊపిరి తీయవలసి వచ్చినప్పుడు ఆగవలెను. పొట్ట వ్యాయామములు మాత్రమే చేసినచో పొట్ట కొవ్వే తగ్గునన్న భ్రమ వద్దు. కొవ్వు దేహమంతటి నుండి తగ్గును.

పగటినిద్ర మానవలెను. ఎండకాలమున మాత్రము ఇరవై నిమిషములు నడుము వాల్చవచ్చును. స్థూలురకు రాత్రి జాగరణమును కూడ ప్రాచీనులు చికిత్సగా చెప్పినారు. ఆ మాటను నేడు పాటింపరాదు. నిద్ర చాలనిచో ఆకలి పెరిగి బరువు హెచ్చునని నేటి పరిశోధనలు తెలిపినవి. రాత్రి ఏడు గంటల నిద్ర ఉండవలెను. రాత్రి భోజనము ఎనిమిదిలోపు ముగించవలెను. యజమాని ఆలస్యముగా వచ్చు ఇంట గృహిణి ముందే భుజించుట తప్పు కాదు. ఆయనకు వడ్డన చేసుకొనుట పెద్ద విద్యయు కాదు.

ఇవి చేయరాదు

నెలలో పది కిలోలు తగ్గింతుమను పేరులేని పొడులు కొనరాదు. మూలికల పేరుతో అమ్మబడిన ఇట్టి కొన్ని మందులలో సిబుట్రమిన్ అను రసాయనము కల్తీగా బయటపడిన సందర్భములు పలు దేశములలో ఉన్నవి. గుండెకు హాని చేయుటచే దానిని మన దేశములో 2011లో నిషేధించినారు. గుగ్గులు, లోహభస్మము వంటి ఔషధములు వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెను. చెమట పట్టించు బెల్టులు నీటిని తగ్గించునే గాని కొవ్వును కాదు.

ముఖ్యముగా, పెరిగిన ప్రతి పొట్టను కొవ్వే అనుకొనరాదు. ఈ క్రింది లక్షణములలో ఏ ఒక్కటి ఉన్నను కషాయములతో కాలయాపన చేయక ఆసుపత్రికి పోవలెను:

– కొన్ని వారములలోనే పొట్ట వేగముగా పెరుగుట, గట్టిగా తోచుట
– పొట్ట పెరుగుచు ముఖము, చేతులు చిక్కిపోవుట
– నాలుగు ముద్దలకే కడుపు నిండినట్లుండుట, మాటిమాటికి మూత్రము వచ్చుట
– ముట్లుడిగి ఏడాది గడచిన పిమ్మట రక్తము కనిపించుట
– కాళ్ళ వాపు, పసరికలు
– అతిదాహము, గజ్జలలో దురద, మానని పుండు

అండాశయములలో గడ్డలు, గర్భాశయములో కంతులు, కడుపులో నీరు చేరుట, థైరాయిడు లోపము వంటివి ఉదర స్థౌల్యము ముసుగులో దాగి ఉండవచ్చును. ఒక స్కానింగు, రక్తములో చక్కెర, థైరాయిడు పరీక్షలు చేయించినచో సందేహము తీరును. గర్భిణిగా ఉన్నప్పుడు చక్కెర వచ్చి పోయిన స్త్రీలు ఏడాదికొకసారి తప్పక పరీక్ష చేయించుకొనవలెను.

ఫలితము ఎప్పుడు?

వారమునకు అరకిలో, నెలకు ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గినచో మంచి ఫలితము. కొందరిలో మూడు నెలలైనను టేపు కదలకపోవచ్చును. అప్పుడే చాలమంది విసిగి మానివేయుదురు. వారికి ధైర్యము చెప్పు ఒక విషయము కలదు. మధుమేహము అంచున ఉన్నవారిపై చెన్నైలో జరిపి 2006లో ప్రకటించిన పరిశోధనలో, నడక, ఆహార నియమము పాటించినవారికి మధుమేహము వచ్చు అవకాశము సుమారు 28 శాతము తగ్గినది. విశేషమేమనగా, వారి బరువు చెప్పుకొనదగినంతగా తగ్గలేదు. అనగా పొట్ట పైకి తగ్గినట్లు కనిపింపకున్నను, లోపల మేలు జరుగుచునే ఉన్నదన్నమాట.

కనుక మొదటి నెల మూడు నియమములు చాలును. రాత్రి భోజనము ఎనిమిదిలోపు, అరగంట నడక, సాయంకాలము బజ్జీల బదులు ఉలవ గుగ్గిళ్ళు. రెండవ నెల ఒక పూట వరియన్నము బదులు కొర్రన్నమో, చిన్న రాగిముద్దయో చేర్చవలెను. ఈ వంట గృహిణి ఒక్కతె కొరకు వేరుగా చేయుట కాక, ఇంటిల్లిపాదికి చేసినప్పుడే నిలుచును. మిగిలిన అన్నము తల్లి కంచములోనికి కాక మరునాటికి పోవలెను. ఉదయము అరగంట ఆమెది ఆమెకు విడిచి, ఆ వేళకు స్టవ్వు దగ్గర మరొకరు నిలబడవలెను. ఏ మూలికయు ఇంతకంటె గొప్పగా పని చేయదు.